గంప యడుగు

పైన పటారము, లోన లొటారము అను సామెతను మన పెద్దలు దేనిని చూచి పుట్టించిరో తెలియదు గాని, మామిడిపండ్ల గంపను చూచి పుట్టించిరనిన నమ్మవచ్చును. గంపకు పైవరుస యొకటి, అడుగువరుస యొకటి. పైవరుసలోని పండ్లు పసిమి తేలి, మచ్చ లేక, ఒకదానికొకటి సరితూగునట్లుండును. అడుగున నున్నవి ఎట్టివో గంప క్రుమ్మరించిన గాని తెలియదు. వేమన మేడిపండును దృష్టాంతముగా గ్రహించెను. కాని మేడిపండు చేసిన నేరమేమి? దాని లోపలి పురుగు సృష్టిధర్మముచేత చేరినది. ఆ పండు ఎవనినో మోసగింపవలెనని తన తోలునకు మెఱుగు పెట్టుకొనలేదు. గంప సంగతి యట్లు కాదు. ఏ పండు పైకి రావలెనో, ఏ పండు క్రిందికి పోవలెనో అందు మనుష్యుని చేయి నిర్ణయించినది. చేయి నిర్ణయించినచోట నీతి విచారము తప్పదు.

మొగమెఱిగిన వానిని వంచించుటకు సామాన్యముగా నెవరును ఇష్టపడరు. పొరుగువానికి పుచ్చుకాయ అంటగట్టినవాడు మఱునాడు వానిని తప్పించుకొని వేఱు వీథిని పోవును. కాని మొగమెన్నడును చూడబోని వానికి మనమేమైన ఋణపడియున్నామా? ఉన్నచో ఆ ఋణమును వసూలు చేయువాడెవడు? ఈ ప్రశ్నను శాస్త్రగ్రంథములలో వెదకువారు వెదకుదురుగాక. మేము దానిని అశ్వారావుపేట చుట్టుపట్ల తోటలలో వెదకదలచితిమి.

అశ్వారావుపేట ఖమ్మము సీమకును భద్రాచలపు టడవులకును సందుననున్న యూరు. 2016 మొదలు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఇచటినుండి జంగారెడ్డిగూడెము పోవు త్రోవలో కొలది దూరము నడచిన ఎల్ల దాటుదుము. 1948 వరకు అది నిజాము రాజ్యమునకును చెన్నరాజధానికిని నడిమి యెల్ల. దానిని దాటు సరకు కరోడగిరి సుంకము చెల్లింపవలసియుండెను. 1956లో ఆ యెల్ల చెఱగినది. 2014లో మరల రెండు రాష్ట్రముల నడుమ ఎల్ల వెలసినది. ఎల్లలు మాఱినవి గాని మామిడి పూయుట మానలేదు. ఒకవైపున నూజివీడు, విజయవాడ. మఱియొకవైపున ఖమ్మము, హైదరాబాదు. ఈ సీమ రైతు పండించిన పండు ఏ వైపునకు పోయినను పరాయి నోటికే చేరవలసియుండెను. కావున మా ప్రశ్న ఇచటి వారికి క్రొత్తది కాదు.

మొదట ఈ ప్రాంతమున పండు గంపకెక్కలేదు. అడవిపండు వారపుసంతకు వచ్చెడిది. కోయవారు తునికిపండ్లను, సీతాఫలములను బుట్టలలో తెచ్చి నేలమీద కుప్పపోసెడివారు. కుప్పలో చేయిపెట్టి త్రిప్పి చూచుకొనుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. ఒకటి నోట వేసికొని రుచి చూచినను తప్పు లేదు. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగా కూర్చుందురు. చెడుపండు ఇచ్చినచో కొన్నవాడు వచ్చువారము మరల వచ్చి నలుగురిలో నిలదీయును. ఇట్టి బేరములో సత్యము నిలుచుటకు ధర్మబుద్ధియే యుండవలెనన్న నియమము లేదు, సిగ్గు చాలును.

దీనిని తలచుకొని కొందఱు పెద్దమనుష్యులు, దూరదేశపు వర్తకమే మనవారిని చెఱచినది, మొగమెఱిగిన పల్లెబేరములో మోసము లేదు అని నిట్టూర్పు విడుతురు. మేమీ మాట నంగీకరింపజాలము. అట్టి సంతలలోనే, కోయవానికి ఎదురుగా కూర్చుండియే, త్రాసును తమవైపు మ్రొగ్గించుకొన్న వర్తకులుండిరి. పిడికెడు ఉప్పు పోసి బుట్టెడు అడవిసరకు తీసికొన్నవారుండిరి. ఈ యన్యాయమును మాన్పుటకే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి, అడవిసరకును తానే కొనుటకు పూనుకొనవలసి వచ్చినది. మొగము కనబడుచునే యుండెను. మోసము జరుగుచునే యుండెను. కావున కంటిచూపు సత్యమునకు కాపలా కాజాలదు. ఎదుటివాడును మనవంటివాడే యను తలపు లేనిచో చేరువయైన నేమి, దూరమైన నేమి? సిగ్గు సమానుల నడుమనే పనిచేయును. దూరము మన నీతిని చెఱపలేదు. మన నీతిలో మొదటినుండియు నున్న కొఱతను బయటపెట్టినది.

ఇక గంప మాట. పండు ఊరు దాటవలెనన్న గంప కావలెను. 1889లో నిజాము రైలు బెజవాడకు చేరినది. అశ్వారావుపేటకు రైలు రాలేదు. పండు బండిమీదను, తరువాత లారీమీదను పోయినది. పండ్లను దూరమునకు కట్టి పంపు పనిని దగ్గఱ నిలిచి చూచినవారికి గాని దానిలోని యోపిక తెలియదు. ముదిరిన కాయను నేలరాల్చిన లోపల కమలును. కనుక చిక్కము కట్టిన గడతో దానిని పట్టి, తొడిమ కొంత మిగులునట్లు కోయవలెను. తొడిమ మొదలంట ఊడినచో సొన కాఱి తోలుమీద పడి నల్లని చాఱ యగును. కోసిన కాయలను నీడలో తొడిమ క్రిందికి వచ్చునట్లు పేర్చి సొన యోడ్చవలెను. కోసినంతమాత్రమున కాయ చచ్చినది కాదు. అది ఊపిరి విడుచుచు వెచ్చనగుచుండును. గాలి చొరని పెట్టెలో నది ఉడికిపోవును. గాలి మితిమీరిన వడలిపోవును. పూర్వము గంపలో వరిగడ్డి పఱచుటయు, నేడు అట్టపెట్టెకు రంధ్రములు చేయుటయు పండును కాపాడుటకే. గంపల వెనుక చెక్కపెట్టెలు వచ్చినవి. వాని వెనుక ప్లాస్టిక్ క్రేట్లు వచ్చినవి. ఒకదానిపై నొకటి పేర్చినను క్రింది పండు నలుగకుండుట వాని ప్రయోజనము.

ఈ శ్రమయంతయు ఎవని కొఱకు? ఎన్నడును చూడని వాని కొఱకు. పదిదినముల తరువాత ఏ పట్టణములోనో ఒక పసివాడు పండు కొఱుకునప్పుడు వాని నోటికి పుల్లని కుళ్ళు తగులకుండ, ఇచట నొక కూలిమనిషి తొడిమ తెగకుండ చేయి నిలుపుకొన్నది. ఆమె తన కూలికొఱకే చేసినదనవచ్చును. అగుగాక, కూలికొఱకు చేసినంతమాత్రమున మేలు మేలు కాకపోదు. కావున సరకు కట్టు వృత్తి తన స్వభావముచేత పరోపకారపు వృత్తియే. చిత్రమేమనగా, పండును కాపాడు గడ్డియే దానిని కప్పును. కాపాడుటకు పుట్టిన గంప దాచుటకును పనికివచ్చినది. ఒక్క పనిముట్టులో ధర్మమును అధర్మమును ఇంత దగ్గఱగా కాపురముండుట అరుదు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వేసవిలో మేమీ ప్రాంతపు తోటయొకదానిలో పండ్లు కట్టుట చూచుచు నిలిచితిమి. చెట్టునీడను నలుగురైదుగురు స్త్రీలు కాయ లేరుచుండిరి. అందు వయసు మీఱిన యొకామె కొంచెము మచ్చ పడిన కాయను చేతబట్టి, అటునిటు త్రిప్పి, పెట్టెలో పైవరుసలోనే పెట్టినది. మాకు వింతతోచి, "అమ్మా, మచ్చకాయను పైన పెట్టితివేమి?" అని యడిగితిమి. ఆమె మా వంక చూడకయే, "అడుగున పెడితే దాచినట్టయితది గద బాబూ, పైన పెడితే చెప్పినట్టయితది" అనినది. మేమా మాటను తలపోయునంతలో తోట గుత్తకు కొన్నవాడు వచ్చెను. వచ్చి పెట్టెను చూచి, ఆమెను రెండు మాటలని, ఆ కాయను తీసి అడుగున త్రోసెను. ఆమె మాఱుమాటాడలేదు. మేమును మాటాడలేదు. ఆమెకు మాటాడకుండుటకు కారణము కలదు. సాయంకాలమునకు ఆమెకు కూలి రావలెను. మాకే కారణమును లేదు. ధర్మమును గుఱించి వ్యాసములు వ్రాయు మేము నోరు మూసికొంటిమి; అక్షరము రాని యామె కనీసము చేతితోనైన నొకసారి చెప్పినది. ఈ వ్యాసమునకు మూలము ఆనాటి మా మౌనమే.

గుత్తదారు చెడ్డవాడని తీర్పు చెప్పుట సులభము. అతని మాటయు వినవలయును. అతడు తోటను పూతమీద కొనును. ఆ సొమ్మునకు మండీ వర్తకునివద్ద బయానా తీసికొనును. కనుక సరకు ఆ మండీకే తోలవలెను. నడుమ నొక్క గాలివాన వచ్చినచో సగము కాయ నేలపాలగును. మండీకి పోయినపిమ్మట కమీషనొకటి, హమాలీ యొకటి, తఱుగు పేర తూకములో కోత యొకటి. రుమాలు చాటున వ్రేళ్ళు పట్టి ధర నిర్ణయించుట మన దేశమున ననేక సంతలలో నుండిన యాచారము. తన సరకు ధర తన కన్నుల యెదుటనే తనకు తెలియకుండ తేలుట రైతు చూచినాడు. అట్టివాడు మమ్ము చూచి, "అయ్యా, రుమాలు క్రింద నాకు జరిగినదానిలో నిజమెంత? నా తూకములో నిజమెంత? ఇందఱు అబద్ధమాడు చోట నేనొక్కడను నిజము చెప్పి మునుగవలెనా?" అని యడిగినచో మనము తేలికగా నవ్వి త్రోసివేయరాదు. తిలాపాపము తలాపిడికెడు అన్నట్లు, ఇచట నేరము పూర్తిగా నెవనిదియు గాక అందఱిదియు నైయున్నది. నేరమునకు యజమాని లేనిచో పశ్చాత్తాపమునకును యజమాని యుండడు. ఇదియే యీ వర్తకములోని పెద్ద కీడు.

అయినను అతని ప్రశ్నకు మేము రెండు సమాధానములు చెప్పుదుము. మొదటిది: అతనిని వంచించినవాడొకడు, అతడు వంచించువాడు మఱియొకడు. తఱుగు తీసిన వర్తకుడు గంప యడుగు పండు తినడు. దానిని తినువాడు పట్టణపు సందులో తోపుబండివద్ద నాలుగు పండ్లు కొన్న కూలివాడు. మనకు బాకీపడినవాని నొల్లక దారిన పోవువాని జేబులో చేయిపెట్టుట న్యాయమెట్లగును?

రెండవది లోకానుభవమునకు చెందినది. అడుగువరుసను వర్తకుడెఱుగడా? చక్కగా నెఱుగును. ఎఱిగియే ప్రతి గంపకును, అందున్న కుళ్ళు ఇంతయని ఊహించి, ముందుగానే ధర తగ్గించును. తఱుగునకు ఇదియే సాకు. ఆ యూహలో నిజాయితీపరుని గంపకును మినహాయింపు లేదు. ఏలయన, కట్టిన గంపలన్నియు పైకి ఒక్కటిగానే కనబడును. కాబట్టి అడుగున చెడుకాయ పెట్టినవాడు కొనువానిని మోసగించినది కొంచెము, తోడి రైతును మోసగించినది యెక్కువ. మంచి గంప కట్టినవాడు చెడు గంప కట్టినవాని జుల్మానాను తాను చెల్లించుచున్నాడు. కొంతకాలమునకు వాడును విసిగి, పైవరుస విద్య నేర్చును. ఈ విధముగా అబద్ధము ఊరంతకు నాచారమగును.

ఈ న్యాయమే సముద్రము దాటియు పనిచేసినది. 2013లో మన దేశమునుండి యూరపునకు పోయిన పండ్లు కూరగాయల సరకులలో 200కు పైగా పురుగు పట్టియున్నట్లు తేలుటచే, 2014 మే నెలనుండి యూరోపియన్ యూనియనువారు మన మామిడిని రానీయక ఆపివేసిరి. 2015లో గాని ఆ యడ్డు తొలగలేదు. పురుగు లేని పెట్టెలు కట్టినవారెందఱు లేరు? వారి సరకును నిలిచిపోయినది. జపానువారు పండుటీగ భయముచే 1986 మొదలు రెండు దశాబ్దములు మన మామిడిని నిషేధించి, వేడి యావిరి పట్టించు పద్ధతి నొప్పుకొని 2006లో మరల తలుపు తెఱచిరి. అమెరికావారు కిరణములు సోకించిన పండునే 2007 మొదలు పుచ్చుకొనిరి. మొగమెఱుగనివాని నమ్మకము పోగొట్టుకొనుటకు ఒక ఋతువు చాలును. తిరిగి సంపాదించుటకు తరము పట్టవచ్చును.

కాలము గడచినకొలది మోసము గంప యడుగును విడిచి పండు తోలుమీదికి ఎక్కినది. పూర్వము కాయలను వరిగడ్డిలో మగ్గబెట్టెడివారు. కొన్ని దినములు పట్టెడిది. ఆ యోపిక లేనివారు కార్బైడు పొట్లములను పండ్ల నడుమ నుంచిరి. దానికి తడి తగిలిన ఎసిటిలీను వాయువు పుట్టి తోలునకు పసుపు తెచ్చును. లోపలి కండ పుల్లగనే యుండవచ్చును. బజారులో దొరకు కార్బైడులో పాషాణము, భాస్వరము వంటివి కొంచెము కలిసియుండుట దేహమునకు హాని. 2011 నాటి ఆహారభద్రతా నియమములు దీనిని నిషేధించినవి. 2015లో హైదరాబాదు హైకోర్టు తనంతతానే యీ విషయమును విచారణకు తీసికొన్నది. కాయ పండునప్పుడు తనంత తాను పుట్టించుకొను ఎథిలీను వాయువును మాత్రము, పదిలక్షల పాళ్ళకు నూఱు పాళ్ళు మించకుండ, గదులలో పట్టించుట కనుమతి కలదు. గంపలో మంచిపండు చెడుపండును కప్పుచుండెను. కార్బైడుతో నొక్క పండే తన్ను తాను కప్పుకొనుచున్నది. బంగినపల్లికి హైదరాబాదులో బేనిషాను అని పేరు; మచ్చ లేనిదని దాని యర్థము చెప్పుదురు. తోలున మచ్చ లేకుండుటనే మెచ్చి, లోన నేమున్నదో అడుగమఱచిన మనకు ఆ పేరే యొక హెచ్చరిక.

అట్లయిన చట్టమును ముద్రయు చాలవా యని కొందఱడుగుదురు. 1937లోనే వ్యవసాయపు సరకుల తరగతులను, గుఱుతులను నిర్ణయించు చట్టము పుట్టినది. ఆగ్‌మార్కు దాని ముద్రయే. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుఱుతింపును వచ్చినది. చట్టమునకు వెఱచి నిజము చెప్పుట నిజమైన నీతి కాదని తత్త్వవేత్తలు చెప్పుదురు. మేము చట్టమును చులకన చేయము. నడక నేర్చుకొను పసివానికి చేయి పట్టుకొనుట అవమానము కాదు. కాని ముద్ర కొలువగలిగిన దానినే చెప్పగలదు. పరిమాణము చెప్పును, బరువు చెప్పును. పెట్టె మూయునప్పుడు చేయి ఏమి తలచినదో చెప్పజాలదు. ముద్ర నంటించునది ఆ చేయియే కదా.

ఇటీవలి మాఱ్పొకటి చూచి, ఈ చిక్కు మనకు తీరినదని సంతోషించువారు కలరు. గడచిన శతాబ్దపు చివరి దశకము మొదలు అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతములలో ఆయిల్‌పామ్ తోటలు విస్తరించినవి. కొందఱు మామిడి తీసివేసి దానిని నాటిరి. అశ్వారావుపేటలోను, అప్పారావుపేటలోను ఆయిల్‌ఫెడ్‌వారి కర్మాగారములు కలవు. గెలను గడ్డిలో చుట్టనక్కఱలేదు, పైవరుస తీర్చనక్కఱలేదు. కోసిన గెల 24 గంటలలో కర్మాగారము చేరవలెను. జాగైనకొలది నూనె పులిసి చెడును. ట్రాక్టరునుండి గుట్టగా దింపుదురు. ఇచట దాచుటకు గంపయే లేదు గదా యందురు.

మేము నిదానించి చూడగా, గంప పోలేదు, పెద్దదైనది. గెలల ధర కట్టుటలో కర్మాగారమున నూటికి ఎంత నూనె దిగినదను లెక్కకు పాలు కలదు. ఆ లెక్క ఒక్క రైతుది కాదు, అందఱి గెలలు కలిసిన లెక్క. ఒకడు తొందరపడి పచ్చిగెల కోసి తెచ్చినను, కాడ పొడవుగా నుంచి తూకము పెంచినను, ఆ దినము వానికి లాభమే. దిగవలసిన నూనెలో తగ్గినది మాత్రము అందఱి ధరలోను తగ్గును. మామిడి గంపలో నష్టపోయినవాడు పట్టణములోని యపరిచితుడు. ఇచట నష్టపోవువాడు గట్టు కావలి పొరుగువాడు. కాని యెవని గెలవలన నష్టమో తెలియదు గనుక పొరుగువాడే అపరిచితుడైనాడు. మొగమెఱుగనివానికి చేసిన యన్యాయము తిరిగి తిరిగి మన వాకిటికే వచ్చునని ఇంతకంటె స్పష్టముగా చెప్పు దృష్టాంతము మాకు కానరాలేదు.

కర్తవ్యమేమి? మాకు తోచినవి విన్నవింతుము. ప్రతి పెట్టెమీదను కట్టిన తోట పేరు, కోసిన తేది వ్రాయవలెను. పేరున్నచోట సిగ్గు మరల కాలూనును. తరగతులు చేయుట తోటలోనే, అందఱి యెదుట జరుగవలెను. మచ్చకాయను దాచక వేఱు పెట్టెలో వేసి, తగ్గు ధరకు మచ్చకాయగనే అమ్మవలెను. రైతులు కూడి సంఘములుగా నేర్పడి సరకు తామే కట్టుకొనినగాని బయానా బంధము సడలదు. తఱుగును, రుమాలును పోవలెను. అవి యుండగా రైతుకు సత్యము బోధించుట, కట్టివేసినవానిని నడువుమనుటయే యగును. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల కలదు. అందలి విద్యార్థులు తెగుళ్ళ పేర్లతోబాటు ఒక్క పెట్టెను న్యాయముగా కట్టుటయు నేర్తురుగాక.

కొనువారమైన మనకును పాలు కలదు. చైత్రము రాకమునుపే పచ్చని పండు కావలెనని వెంపరలాడునది మనము. రుచి చూడక రంగు చూచి బేరమాడునది మనము. మచ్చపండు పైన నున్న పెట్టెను చూచి మొగము త్రిప్పుకొని ప్రక్క దుకాణమునకు పోవునది మనము. ఆనాడు గుత్తదారు చేయి ఆ ముసలామె పెట్టిన కాయను అడుగునకు త్రోసినది గాని, ఆ చేతిని త్రోసినది మన కన్ను. చెప్పినవానిని శిక్షించి దాచినవానికి బహుమానమిచ్చు కొనుగోలుదారులున్నంతకాలము గంపకు అడుగువరుస యుండకపోదు.

ఈ వేసవిలో పండ్లు కొనబోవు చదువరులు పైవరుసలో మచ్చపండు కనబడిన పెట్టెను చూచి ఒక్కక్షణ మాగుదురుగాక. దానిని కట్టినవారెవరో మనమెఱుగము. వారును మనల నెఱుగరు. అయినను మనతో నొక నిజము చెప్పిరి. దానికి తగిన ధర యిచ్చి కొనుట మన ఋణము.